పదకొండు కంప్యూటర్లలో కృపమ్మ

2004లో ఒక సోమవారం ఉదయం స్టీఫెన్ బహదూర్‌పల్లి నుంచి బండి మీద బయలుదేరాడు. తుర్కపల్లిలోని ఒక ల్యాబులో పదకొండు కంప్యూటర్లకు సామాను లెక్క చూసే స్టాకు ప్రోగ్రాము ఎక్కించాలి. ల్యాబు మేనేజరు కృష్ణారావు బాగుందని ఒక్క మాట అంటే చాలు, కొంపల్లి ఆఫీసులో స్టీఫెన్ ఉద్యోగం పర్మినెంటు అవుతుంది.

ప్రోగ్రామును ఎక్కించే ఇన్‌స్టాలరు అతను సొంతంగా కట్టింది. అందులోని బ్యాచ్ ఫైలు, ఒక ఫోల్డరులో ఉన్నవన్నీ ఊడ్చి సీడీకి ఎక్కిస్తుంది. ఏది ఎక్కడ సర్దాలో పెర్ల్ భాషలో రాసిన స్క్రిప్టు చూసుకుంటుంది. పని ముగిశాక ఫోల్డరులో ఉన్న శబ్దాలు మోగుతాయి. అందుకని చిన్న గంట పెట్టాడు. మధ్యలో ఎవరైనా ఆపితే అంతా మళ్లీ మొదటి నుంచి నడుస్తుంది. ఈ ఏర్పాటు చూసుకుని అతను చాలా మురిసిపోయాడు.

మరిచిపోయింది ఒక్కటే. అతని తల్లి కృపమ్మ ఆస్పత్రిలో ఆయా. ఆరింటికే డ్యూటీకి వెళ్లిపోతుంది. ఏడింటికి తనను లేపడానికి ఆమె గొంతు రికార్డు చేసి, ఆ ఫైలును కూడా అదే ఫోల్డరులో పడేశాడు.

ల్యాబులో పదకొండు కంప్యూటర్లలోనూ సీడీలు పెట్టాడు. మొదటి కంప్యూటరులో గంట మోగింది. వెంటనే, "లేరా గాడిదా! మల్ల ఫ్రిజ్ తలుపు తెర్సిపెట్టినవ్! పో, జల్దీ మూసిరా!"

ల్యాబులో పనిచేసే పద్మలత ఉలిక్కిపడింది. "ఎవర్ని తిడ్తాంది గామె?"

స్టీఫెన్ ఆపాడు. అది మళ్లీ మొదలైంది. ఈలోగా మిగతావీ అందుకున్నాయి. పదకొండు మంది కృపమ్మలు ఒకరి మాట ఒకరికి వినబడనివ్వకుండా తిట్టసాగారు.

కృష్ణారావు గదిలోంచి ఊడిపడ్డాడు. "ఎవరావిడ? పాసు లేకుండా లోపలికి ఎవరు రానిచ్చారు?"

వాచ్‌మెన్ బాలరాజు కర్రతో బాత్రూము తలుపులు కొడుతూ తిరిగాడు. "అమ్మా, బయటికి రా! ఏమనం! నీ కొడుకు ఏ డిపార్ట్‌మెంటో చెప్పు, పిలుస్త!"

"సార్, ఆమె ఈడ లేదు" అన్నాడు స్టీఫెన్ నేల చూస్తూ. "మా అమ్మ సీడీల ఉన్నది."

కృష్ణారావు స్టీఫెన్ యజమాని సుధాకర్‌కు ఫోను కలిపాడు. "మీవాణ్ణి వెనక్కి పంపేస్తున్నా. రేపటి నుంచి..."

అప్పుడే పద్మలత రొప్పుతూ వచ్చింది. "సార్! గామె గన్నిసార్లు అంటాంటే పోయి జూసిన. కోల్డ్‌రూము తలుపు నిజంగనే తెర్సున్నది! ఇంకో గంటైతే ఏడాది సంది దాసిన నమూనాలన్నీ కరాబైతుండె."

"ఎవరా బుద్ధిలేనివాడు?" కృష్ణారావు గర్జించాడు.

పద్మలత కోల్డ్‌రూము తలుపు దగ్గర ఉండే రిజిస్టరు తెరిచి చూపింది. చివరి సంతకం ఆయనదే.

"హలో, రేపట్నుంచి ఏంది సార్?" ఫోనులో సుధాకర్ అడుగుతున్నాడు.

కృష్ణారావు గొంతు సవరించుకున్నాడు. "రేపటి నుంచి కుర్రాణ్ణి పర్మినెంటు చేసుకోండి. పనితనం బాగుంది."

వారం తర్వాత కొత్త సీడీ కోసం ల్యాబు నుంచి మార్పుల జాబితా వచ్చింది. అందులో ఉన్నది ఒకటే: ఆ గొంతును అలాగే ఉంచి, 'గాడిద' అన్న మాట మాత్రం తొలగించగలరు.