విప్పకూడని తాయెత్తు

ఆ ఆదివారం పొద్దున సన్యాసిరాజు వేసుకున్న పథకం చాలా చిన్నది. గోపాలపట్నంలో బస్సెక్కడం, జాలరిపేట ఒడ్డున ఒక వంజరం చేప కొనడం, ఎండ ముదరకముందే ఇంటికొచ్చి పులుసు పెట్టడం. అంతే. భార్య అసిరమ్మ పోయి ఏడాదయింది. సంవత్సరీకం పోయిన వారమే పద్ధతి ప్రకారం జరిగింది. పంతులుగారు చెప్పిన అరటికాయ, గుమ్మడికాయ వండి వడ్డించారు. బతికుండగా అసిరమ్మ ఆ రెండూ ముట్టేది కాదు. అందుకని ఇవాళ ఎవరికీ చెప్పకుండా, ఆమెకు ఇష్టమైనది ఒక ఆకులో పెడదామనుకున్నాడు.

లేవగానే ఇన్సులిన్ సూది వేసుకున్నాడు. అది అలవాటు. ఆమెకు వడ్డించేదాకా తను ఏమీ తినకూడదనుకున్నాడు. అది భక్తి. ఈ రెండూ ఒకే పొద్దున కలవకూడదని చెప్పే మనిషి ఇంట్లో లేదు. అసిరమ్మ అల్లిన పసుపుపచ్చ వైరు సంచి తీసుకుని, ఫోను ఛార్జింగులోనే మర్చిపోయి, బయల్దేరాడు.

అసిరమ్మ ఉన్నన్నాళ్ళూ తన సుగరు సంగతి ఆయన మోయవలసిన అవసరం రాలేదు. బస్సెక్కగానే ఆమె కండక్టరును పిలిచి చెప్పేది. "బాబూ, మా ఆయనకి సుగరు. కసురుకుంటే ఏటీ అనుకోకండి, నోట్లో కాసింత తీపెట్టండి." కొంగు చివర ముడిలో ఎప్పుడూ బెల్లం ముక్క ఉండేది. సన్యాసిరాజు సిగ్గుపడి కిటికీవైపు తిరిగి, దూరంగా కనపడే పోర్టు క్రేన్లను చూస్తూ కూర్చునేవాడు. ఉక్కు కర్మాగారంలో క్రేను నడిపి రిటైరైన మనిషి గనుక అదే మర్యాదగా తోచేది.

ఆమె పోయిన కొన్నాళ్ళకు రైతుబజారులో సుగరు పడిపోయి, ఆయన కళ్ళు తిరిగి పడ్డాడు. తాగి పడ్డాడనుకుని జనం ఉల్లిపాయల బస్తాకు ఆనించి, ఎవరి బేరం వాళ్ళు చూసుకున్నారు. సంగతి తెలిసి, పక్కవీధిలో ఉండే కూతురు హేమశ్రీ ఒక ఉక్కు కడియం తెప్పించింది. దానికున్న బిళ్ళమీద షుగరు రోగి అనీ, ఇన్సులిన్ వాడతాడనీ చెక్కి ఉంది. కింద ఆమె ఫోను నంబరు.

"ముప్పయ్యేళ్ళు మెడలో బిళ్ళేసుకుని గేటుకాడ సూపించినాను. రిటైరైనాక కూడా బిళ్ళేటమ్మా?" అన్నాడు సన్యాసిరాజు.

"అది నువ్వెవరో చెప్పే బిళ్ళ నాన్నా. ఇది నువ్వు పడిపోతే ఎందుకు పడ్డావో చెప్పే బిళ్ళ."

"సూసినోడల్లా కాకరకాయ రసం తాగమంటాడు."

"అననీ. ఇది లేకుండా ఇంకొక్కసారి ఎక్కడైనా పడ్డావంటే మాత్రం నిన్ను ఒంటరిగా గడప దాటనివ్వను. చేపల బజారుక్కూడా."

ఆ చివరి మాట ఆయనకు గుచ్చుకుంది. అసిరమ్మ తిరిగిన దారుల్లో బస్సెక్కి ఒక్కడే తిరగడం తప్ప ఆయనకు వేరే వ్యాపకం మిగల్లేదు. అదీ పోతే ఇక గోడలే.

వన్‌టౌన్‌లో ఆయనకు గులాం మొహమ్మద్ అని పాత స్నేహితుడున్నాడు. వెండి సామానుమీద పేర్లు చెక్కుతాడు, తాయెత్తులకు గొట్టాలు చేస్తాడు. లోపల పెట్టే కాగితం ఎవరి గురువు వాళ్ళకు రాసిస్తాడు. గులాం పని గొట్టం వరకే. సన్యాసిరాజు అతని దగ్గరికి వెళ్ళి తన ఉపాయం చెప్పాడు.

"కడియం మీదున్నదంతా సిన్న కాగితం మీద రాసి గొట్టంలో పెట్టీ బావా. నల్లతాడుకి కట్టి మెడలో ఏసుకుంటాను. బిళ్ళ ఉన్నట్టే గదా."

గులాం కళ్ళద్దాలు పైకి తోసుకున్నాడు. "తాయెత్తు చూస్తే ఎవరూ ఏమీ అడగరు బావా."

"నాక్కావాల్సిందీ అదే."

"అడగరు అంటన్నాను," అన్నాడు గులాం మళ్ళీ, కొంచెం నెమ్మదిగా. ఆ నెమ్మదిలో ఉన్న హెచ్చరిక సన్యాసిరాజుకు వినపడలేదు. కడియం పెట్టుకున్నావా అని ఆ సాయంత్రం కూతురు ఫోనులో అడిగితే, "ఒంటిమీదే ఉందమ్మా" అన్నాడు. పూర్తిగా అబద్ధమూ కాదు.

ఆ ఆదివారం పడవలు ఆలస్యంగా వచ్చాయి. వెనకటికి బేరమంతా అసిరమ్మే చూసుకునేది. ఆయన ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని రోడ్డుమీదే నిలబడేవాడు. అందుకే చేపలమ్మే నూకాలు పేరు ఆయనకు తెలుసుగాని, ఆయన మొహం నూకాలుకు తెలీదు. ఎండ నెత్తికెక్కుతుండగా నూకాలు ఒక మంచి వంజరం తీసి చూపించింది. సన్యాసిరాజు దాన్ని తోక పట్టుకుని ఎత్తాడు. ఒళ్ళంతా చెమట. చేతులు వణుకుతున్నాయి.

"ఇది కొక్కేనికి సరిగ్గా తగిలించనేదు," అన్నాడు కసురుకుంటూ. "కింద జనమున్నారు. తప్పుకోమను."

"ఏ కొక్కెం బాబూ?" అంది నూకాలు.

"క్రేను ఎత్తుతన్నాను. తప్పుకో."

ఆయన వంజరాన్ని ఒళ్ళో పెట్టుకుని, ఒడ్డునున్న పడవ అంచుమీద కూలబడ్డాడు. చుట్టూ పదిమంది చేరారు. "పొద్దున్నే ఏసీసినాడు," అన్నారెవరో. నూకాలు దగ్గరకెళ్ళి వాసన చూసింది. "మందు వాసన నేదే," అంది. తర్వాత ఆమె చూపు చొక్కా గుండీల మధ్య నల్లతాడు మీద పడింది. "ఓలమ్మ. మెడలో సూడండి. తాగుడు కాదు ఇది, గాలి."

సన్యాసిరాజు తలలో అంతా మసకమసకగా ఉన్నా, ఒక్క విషయం మాత్రం మిగిలింది. మెడలో కాగితం ఉంది. తాయెత్తు పట్టుకుని, "దీన్ని ఇప్పండి," అన్నాడు.

జనం రెండడుగులు వెనక్కి వేశారు.

"ఇప్పండి. లోపల సూడండి."

"సూసినారా, దెయ్యమే ఇప్పమంటంది," అన్నాడు చేపలకని వచ్చిన ఆటో త్రినాథరావు. అతనికి ఇలాంటి వాటిలో అనుభవం ఉందని అతనే చెప్పుకుంటాడు. ముందుకొచ్చి తాడుకి ఇంకో ముడి గట్టిగా బిగించాడు. తర్వాత చేతులు కట్టుకుని, మర్యాదగా అడిగాడు. "నీ పేరేటి?"

సన్యాసిరాజు జనంలోకి చూశాడు. తనకు ఇలా అయినప్పుడల్లా పక్కన ఉండే మనిషి కోసం వెతికాడు. "అసిరమ్మ," అన్నాడు.

"ఆడదెయ్యం," అన్నాడు త్రినాథరావు జనంతో. మళ్ళీ ఇటు తిరిగి, "నీకేటి గావాల తల్లీ?"

"బెల్లం."

నూకాలు రొంటిన టీలోకని తెచ్చుకున్న బెల్లం ముక్క ఉంది. తీయబోయింది. త్రినాథరావు చెయ్యి అడ్డం పెట్టాడు. "ఇవ్వకప్పా. అడిగింది పెడితే రుసి మరిగి ఇంక ఒదల్దు." నూకాలు బెల్లాన్ని మళ్ళీ రొంటిన దోపుకుంది.

త్రినాథరావు తాయెత్తును ముట్టకుండా వంగి చూసి, "ఇది వన్‌టౌన్ గులాం భాయ్ పనితనం," అన్నాడు. "మా ఇంటిదాని మెడలోదీ ఆయన సేసిందే. ఆయన్నడిగితే కట్టినోడెవుడో సెప్తాడు." ఇద్దరు పట్టుకుని సన్యాసిరాజును ఆటోలో కూర్చోబెట్టారు. ఆయన వంజరాన్ని వదలకపోవడంతో నూకాలు కూడా ఎక్కింది. వైరు సంచి ఒళ్ళో పెట్టుకుని, ఎవరో అందించిన వేపమండతో దారిపొడుగునా ఆయన మొహమ్మీద విసిరింది. పోర్టు రోడ్డెక్కేసరికి ఆయన గొంతు సన్నగిల్లింది. దెయ్యం లొంగుతోందని త్రినాథరావు సంతోషించాడు. తగ్గిపోతున్నది సన్యాసిరాజు.

గులాం మొహమ్మద్ కొట్టు ముందు అప్పుడే టీ వచ్చింది. ఆటోలోకి తొంగి చూసి, అతను ఏమీ అడగలేదు. గ్లాసులో చెంచాల కొద్దీ పంచదార పోసి కలిపి, చల్లార్చి, స్నేహితుడి గడ్డం పట్టుకున్నాడు.

"బావా, మింగగలవా? ఊ అను."

"ఊ."

"భాయ్, తీపి పెట్టకండి," అన్నాడు త్రినాథరావు ఆదుర్దాగా. "దెయ్యం అడగతన్నదే అది. దాని పేరు అసిరమ్మంట."

గులాం చెంచా ఆపలేదు. "ఈ దెయ్యం నాకు ఎన్నో ఏళ్ళుగా తెలుసు," అన్నాడు. "తీపి పెడితేనే పోతాది."

గ్లాసు సగం ఖాళీ అయ్యాక చెమట ఆరింది. గ్లాసు పూర్తయ్యాక సన్యాసిరాజు చుట్టూ చూసి, మొహమ్మీంచి వేపాకు తీసి పారేసి, "నా సేప ఏదీ?" అన్నాడు. త్రినాథరావు రెండు చేతులూ జోడించాడు.

"ఏ మంత్రం సదివినారు భాయ్?"

"పంచదార," అన్నాడు గులాం.

"మరి ఆ అసిరమ్మెవులు?" అంది నూకాలు. "ఎక్కడికెల్లిపోనాది?"

గులాం గ్లాసు కింద పెట్టాడు. సన్యాసిరాజే చెప్పాడు. "మా ఇంటిది. పోయి ఏడాదయింది."

నూకాలు ఒళ్ళో ఉన్న వైరు సంచిని అప్పుడు చూసింది. పసుపుపచ్చ అల్లికమీద చెయ్యి వేసింది. "ఈ సంచి అసిరమ్మప్పదా? కనపడ్డం మానీసింది, నా కాడ సేపలు నచ్చనేదేమో, ఇంకో ఒడ్డుకి పోతన్నాదేమో అని నాను కోపం పెట్టుకున్నాను బాబూ." రొంటిన ఉన్న బెల్లం తీసి సంచిలో వేసింది.

గులాం ఫోనులో సంగతి చెబితే, తండ్రి ఇంట్లో పడున్న కడియం వెతికి తీసుకుని హేమశ్రీ వచ్చింది. కేకలు వేయలేదు. తండ్రి మెడలోంచి తాయెత్తు తీయబోయింది. త్రినాథరావు వేసిన ముడి రాలేదు. గులాం కత్తెర అందించాడు. లోపలి కాగితం విప్పి చదివి, మళ్ళీ చుట్టింది.

"దీన్ని ఎవరు విప్పుతారనుకున్నావు నాన్నా?"

"పడిపోతే జనం సూస్తారు గదమ్మా."

"నువ్వెప్పుడైనా ఎవరి తాయెత్తయినా విప్పి చూశావా?"

సన్యాసిరాజు గుర్తుచేసుకున్నాడు. కర్మాగారంలో తనతో పనిచేసిన వాళ్ళలో సగంమంది మెడలో తాయెత్తులుండేవి. ఒక్కదాన్లో ఏముందో ఆయనకు తెలీదు. "కడియం తే," అన్నాడు చెయ్యి చాపి. "ఇంక ఇంట్లో కూకోమంటావేటి?"

"అది పెట్టుకుంటే వద్దనను," అంది హేమశ్రీ, తన చేతిసంచిలోంచి కడియం తీసి.

పెట్టుకోబోయి, ఆయన బిళ్ళను వెనక్కి తిప్పి చూశాడు. అటువైపు ఖాళీగా ఉంది. దాన్ని గులాం చేతిలో పెట్టి, చెవిలో ఏదో చెప్పాడు. గులాం కళ్ళద్దాలు తుడుచుకుని, ఉలి తీసుకున్నాడు. సన్నటి తెలుగక్షరాలు చెక్కడానికి చాలాసేపే పట్టింది.

ఆ సాయంత్రం ఆకులో వంజరం పులుసు పడింది. ఉప్పు కొంచెం ఎక్కువైంది. ఆ మాట అనేవాళ్ళు లేరు గనుక హేమశ్రీయే అంది.

తర్వాతి ఆదివారం బస్సులో కండక్టరు "లోపలికి జరగండి పెద్దాయనా" అని అరిచాడు. "ఎక్కడికి జరగమంటావ్, డ్రైవరొళ్ళోకా?" అని సన్యాసిరాజు కసిరాడు. పైకడ్డీ పట్టుకున్న ఆయన చేతికి కడియం వేలాడుతోంది. వెనక్కి తిరిగిన బిళ్ళను కండక్టరు చదివాడు: "కసురుకుంటే ఏటీ అనుకోకండి, నోట్లో కాసింత తీపెట్టండి." అతను కంగారుగా ముందు సీటు ఖాళీ చేయించి, జేబులోంచి చాక్లెట్టు తీసి కాగితం విప్పి మరీ చేతికిచ్చాడు. సన్యాసిరాజు దాన్ని తీసుకుని, కిటికీవైపు తిరిగి క్రేన్లను చూస్తూ తిన్నాడు.

నిజానికి ఆ పొద్దున ఆయనకు సుగరు సరిగ్గానే ఉంది.