హబీబ్ మిద్దె మీది గొట్టం

కోయిలకుంట్లలో ఫోటో ఓబుళేశు చెప్పినట్టు తల తిప్పని పెళ్లికూతురు లేదు, ఆయన పెళ్లాం సుంకులమ్మ తప్ప. వాళ్ల పెళ్లినాటి రీలును ఓబుళేశు నాయన తన చేత్తోనే తీసి, తన చేత్తోనే కడిగి నల్లబరిచాడు; ఒక్క ఫోటో మిగల్లేదు. ఆ తర్వాత ఆమె కెమెరా ముందు నిలబడిన పాపాన పోలేదు.

"ఒక్కటంటే ఒక్కటి తీస్తానే," అన్నాడు ఓబుళేశు అన్నం ముందు కూర్చుని.

"మా పుట్టింట్లో గోడెక్కిన ఫోటోకల్లా దండ పడింది. నాకు దండ ఏసేదానికి నీకంత తొందరేమి?"

"దండ మాట యాడిది ఇప్పుడు?"

"వచ్చే వారం ఆపరేషన్ పెట్టుకోని ఈ వారం ఫోటో అంటే ఇంగేమనుకోవల్ల? పప్పు ఏసుకో."

ఓబుళేశు పప్పు వేసుకున్నాడు. ఆమె అన్నదాంట్లో అబద్ధం లేదు. గర్భసంచి తీసేయాలని కర్నూలు డాక్టరు చెప్పినప్పటి నుంచి ఆయన కంటికి కునుకు లేదు. రేపు ఏదన్నా అయితే ఊరందరి మొహాలూ తన దగ్గర ఉంటాయి, ఆమె మొహం ఒక్కటే ఉండదు. ఆ భయం పైకి చెప్పే ధైర్యం లేక పథకం వేశాడు.

నాయన వదిలిపోయిన పాత టెలిఫోటో లెన్సు ఒకటి బీరువా మీద ఉంది. మోచేతి పొడుగు, పచ్చడి జాడీ బరువు. బొమ్మ తేటపడాలంటే అంతా చేత్తో తిప్పుకోవాల్సిందే. దాన్ని తన కొత్త డిజిటల్ కెమెరాకు తగిలిస్తే ఎదురింటి మిద్దె మీద నుంచి కూడా మనిషి కనురెప్పలు లెక్కపెట్టొచ్చు. కానీ పాత అత్తకూ కొత్త కోడలికీ పొత్తు కుదరలేదు. లెన్సే లేదు పొమ్మని కెమెరా మొండికేసింది. చివరికి ఎదురింటి హబీబ్ తన లేతు మిషను మీద ఒక ఇత్తడి ఉంగరం చేసిచ్చి ఇద్దరినీ కలిపాడు.

"మా మిద్దె మీద నుంచి ఏం తీస్తావన్నా?" అన్నాడు హబీబ్.

"పిట్టలు."

"ఈడ పిట్టలు యాడుండాయి?"

"అందుకే ఇంత పెద్ద లెన్సు."

పొద్దున్నే ఓబుళేశు హబీబ్ మిద్దె మీద మూడుకాళ్ల స్టాండు నిలబెట్టాడు. సందుకు అవతల తన మిద్దె మీద సుంకులమ్మ జొన్నలు చెరుగుతోంది. లెన్సు తిప్పితే ముక్కుపుడక తేటపడింది, కన్ను మసకబారింది. కన్ను తేటపడేలోపల ఆమె చేట ఎగరేసింది. ఆ పూటంతా ఫోటోల్లో గాల్లోని జొన్నగింజలు ఒక్కొక్కటీ అద్భుతంగా పడ్డాయి. మనిషి మాత్రం మసక.

మర్నాడు అదృష్టం కలిసొచ్చింది. సుంకులమ్మ ఆకుపచ్చ పట్టుచీర కట్టుకుని, చేట ఒళ్లో పెట్టుకుని, కదలకుండా కూర్చుంది. జరీ అంచు మీద వెలుతురు ఎక్కువైందని ఓబుళేశు తగ్గించుకున్నాడు. జొన్నలు ఏరడానికి పట్టుచీర ఎందుకని మాత్రం ఆయనకు తట్టలేదు. వెలుతురు చూసే కళ్లు వేరు, సంగతి చూసే కళ్లు వేరు.

సరిగ్గా అప్పుడే పక్క మిద్దె మీద నుంచి మద్దమ్మ కేకేసింది. "రోడ్డు వెడల్పు చేసేదానికి కొలతలు తీస్తాండారే! కాళ్ల మిషను పెట్టినారు!"

చూస్తుండగానే వీధి వీధంతా హబీబ్ మిద్దె ఎక్కింది.

"అన్నా, మా అరుగు పోతాదా?"

"అరుగు పోతే పోనీ, నా వంటిల్లు చూడప్పా! గొట్టం కొంచెం అట్ల జరుపు!" అంటూ దేవేంద్రప్ప స్టాండు కాలు పట్టుకుని లాగాడు. కెమెరా ఊగింది. ఓబుళేశు రెండు చేతులా దాన్ని కావలించుకున్నాడు.

"ముట్టుకోవద్దప్పా! ఇది కొలతల మిషను కాదు, కెమెరా!"

"కెమెరానా?" మద్దమ్మ నడుం మీద చెయ్యి వేసుకుంది. "ఇన్ని ఇండ్ల ఆడోళ్లుండారు. ఎవురిని తీస్తాండావు?"

ఇక పిట్టలంటే వీపు విమానం మోత మోగేలా ఉంది.

"నా పెండ్లాన్నే తీస్తాండా. ఆమెకు ఆపరేషన్ ఉండాది. ఆమె ఫోటో ఒక్కటీ లేదు నా దగ్గర. నాకు శానా భయమైతాండాది. చాలునా?"

సందు అవతల నుంచి సుంకులమ్మ గొంతు వినిపించింది.

"ఆ మాట అన్నం కాడ చెప్పుంటే నాకు ఈ ఎండ తప్పేది గదా!"

"నీకు తెల్సా?"

"ఫిరంగంత గొట్టం పెట్టుకోని కూసుంటే కనపడదా? పట్టుచీర గూడా కట్టుకుంటి. నువ్వు తిప్పి తిప్పి సరిజేసుకునే లోపల మెడ పట్టుకపోయింది. ఇంగ ఎంతసేపు, బిన్నా నొక్కు!"

లాగిన దేవేంద్రప్పే స్టాండును కదలకుండా పట్టుకున్నాడు. ఓబుళేశు కళ్లు తుడుచుకుని, లెన్సు తిప్పి, నొక్కాడు.

సాయంత్రం అన్నం ముందు ఆ ఫోటో చూపించాడు. సుంకులమ్మ చాలాసేపు చూసింది. "బాగుండాది. గోడకు మాత్రం పెట్టొద్దు. నేనొచ్చినాక నేనే పెడతా."

తర్వాత తన ఫోన్ తీసి ఆయన ముందు పెట్టింది. అందులో ఒక కన్ను మూసి, నోరు తెరిచి, నాలుక కరుచుకుని, గొట్టం వెనక నక్కిన ఓబుళేశు ఉన్నాడు.

"హబీబ్ పెండ్లాం ఆస్మాతో తీపిచ్చినా. ఆస్పత్రికి ఇది తీస్కపోతా. నీ ఫోటో మాత్రం నా దగ్గర యాడుండాది?"

ఓబుళేశు ఆలోచించాడు. నిజంగానే ఎక్కడా లేదు.

"ఇదేం మొహమే! ఇంగొకటి తీపిచ్చు, సక్కగా నిలబడతా."

"వద్దు. ఇట్లాంటి మొహానికి ఎవురూ దండ ఏయరు. అందుకే తీపిచ్చినా. పప్పు ఏసుకో."

ఓబుళేశు పప్పు వేసుకున్నాడు.