పారబోస్తేనే హక్కు

నీళ్ళు పొదుపు చేసేవాళ్ళంత ప్రమాదకరమైన మనుషులు లోకంలో లేరని మనవి చేసుకుంటున్నాను!

తొందరపడి తిట్టకండి. నేను చదువుకున్నవాణ్ణి. నీటి హక్కుల ఆర్థిక చరిత్ర మీద ఒక లావుపాటి పుస్తకంలో మొదటి నలభై పేజీలు పూర్తి చేశాను. పూర్వం బంగారం తవ్వుకునేవాళ్ళు ఏటి నీళ్ళకు ఒక పద్ధతి పెట్టుకున్నారట. ముందుగా కాలవ తీసుకున్నవాడిదే హక్కు. వాడకుండా వదిలేస్తే ఆ హక్కు పోతుంది. తరవాత్తరవాత ఆ హక్కుల్ని అమ్ముకోవడం, కొనుక్కోవడం కూడా వచ్చింది. ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటారు చూడండి, అది శుద్ధ తప్పని నాకప్పుడే తెలిసింది.

మా అపార్ట్‌మెంట్ సంఘానికి కార్యదర్శిని నేనే. ఇంకెవరూ ఒప్పుకోలేదు లెండి. పన్నెండు ఇళ్ళకూ మీటర్లు పెట్టించి, నెలకింతని వాటా వేశాను. వాటా అయిపోతే కుళాయి బంద్. మిగిలితే, మిగిలినంతా పై నెల నుంచి కోత. కోసిన వాటా ఆదివారం మీటింగులో వేలం. ఎంత శాస్త్రీయం!

ఫలితాలు చూడండి. మూడో అంతస్తు లెక్చరర్‌గారు రోజుకు మూడుసార్లు స్నానం చేస్తున్నారు. బ్యాంకు మేనేజరు హక్కు పోకుండా కుళాయి తిప్పి మరీ ఊరెళ్ళాడు. ఇక నేను? నెలాఖరున మీటరు చూసుకుంటే వాటా ఇంకా మిగిలే ఉంది. లుంగీ ఎగ్గట్టి కిందికి దిగి స్కూటర్ని నాలుగుసార్లు కడిగాను. అది కదిలి రెండేళ్ళయింది. మా ఆవిడ బాల్కనీలోంచి చూసి లోపలికెళ్ళిపోయింది.

కింద ఇంట్లో ఒక కుట్టు టీచరమ్మ, మంచాన పడ్డ తల్లితో ఉంటుంది. బియ్యం కడిగిన నీళ్ళు మొక్కలకి, బట్టలు జాడించిన నీళ్ళు గచ్చుకి. మరి కోత పడదూ? నెలనెలా పడింది. వేలంలో కొన్నది నేనే.

ఎండలు ముదిరాక తల్లికి వీపంతా పుళ్ళు పడ్డాయి. రెండు పూటలా ఒళ్ళు తుడవాలి, దుప్పట్లు ఉతకాలి. ఇరవయ్యో తారీకుకే కుళాయి ఆగిపోయిందని ఆవిడ మా గుమ్మంలో నిలబడింది. నేను రూల్స్ కాగితం చూపించాను. వాడుకోవాల్సిన రోజుల్లో వాడుకోవాల్సిందన్నాను.

"అప్పుడు పారబోసుంటే ఇప్పుడు ఇచ్చేవారా అన్నయ్యగారూ?"

అబద్ధమాడటం నాకు చేతకాదు. అవునన్నాను.

ఆవిడ వెళ్ళిపోయింది. వెనక్కి తిరిగేసరికి మా ఆవిడ నాలుగు బకెట్లు నింపి వరసగా పెట్టింది. వేలం వెయ్యకుండా వాటా ఇవ్వడం నిబంధనలకు విరుద్ధమని గుర్తు చేశాను.

"అవి మన నీళ్ళు కావు, ఆవిడవే. పట్టండి" అంది.

లిఫ్టు లేదు. రెండో బకెట్టుకే నడుం పట్టేసి మెట్ల మీద కూలబడ్డాను. సిగ్గేసింది. ఇన్నాళ్ళూ నేను పారబోసిన నీళ్ళెంతో మీటరు చెబుతూనే ఉంది గానీ, అవి ఇంత బరువని మాత్రం చెప్పలేదు.