పేరు పలకకూడని మాత్రలు

ప్రజారోగ్యానికి అసలు శత్రువు రోగం కాదని, మందు ఎక్కడ దొరుకుతుందో జనానికి తెలియడమని మా పెద్దలు నిర్ధారించారు. డాక్టరు చీటీ మీద అమ్మే మందు పేరు ఇంటర్నెట్‌లో ఎవరి కంటైనా పడితే అది ప్రకటన, దుకాణానికి తాళం. (చీటీ చేతిలో ఉన్నవాళ్లకూ కళ్లుంటాయి కనుక వాళ్లకూ ఇదే వర్తిస్తుంది.)

కిర్గిజ్‌స్థాన్ కొండల్లోని మా నారిన్ పట్టణంలో మందుల దుకాణం నడిపే బురుల్‌కాన్‌కి ఇదొక లెక్కా? కిర్గిజ్ కోడలు, ఆచారం ప్రకారం అత్తింటి మగవాళ్ల పేర్లు నోటితో పలకదు. మామగారి పేరుకు ఇనుమని అర్థం. అందుకని ముప్పై ఏళ్లుగా మేకులు కొన్నా "ఆ గట్టివి ఇవ్వండి" అనే అడుగుతుంది.

కొండమీద మేత బయళ్లలో గుడారం వేసుకున్న ముసలి జుమాబూబూ ఒకరోజు ఊరి వాట్సాప్ గ్రూపులో అడిగింది: "మనవరాలి మూర్ఛ మాత్రలు ఎల్లుండికి అయిపోతాయి. చీటీ ఉంది. ఎవరి దగ్గరైనా ఉన్నాయా?" గుట్టెక్కితే గాని ఆవిడ ఫోన్ పలకదు.

బురుల్‌కాన్ జవాబు రాసింది: "పిన్నీ, నువ్వడిగిన తెల్ల చుట్టాలు మా ఇంట్లో దిగారు. టీకి రా."

గంటలో ప్రకటనల నిఘా విభాగం అధికారి ఎసెన్‌బెక్ ఊడిపడ్డాడు.

"పేరు రాయలేదక్కా, ఒప్పుకుంటా. కానీ అందరికీ అర్థమైంది. అర్థమైతే ప్రకటనే."

"ఎవరికీ అర్థం కాకుండా రాస్తే?"

"హాయిగా రాసుకోండి."

"ఆవిడొక్కదానికే రాస్తే?"

"ఆవిడ కూడా ప్రజల్లోకే వస్తారక్కా."

"మరి అదే గ్రూపులో కొండ ఉడుత కొవ్వు అమ్మేవాడో? మూడు చెంచాలతో మూర్ఛ మాయమని పాట పెట్టి మరీ ఊదరగొడుతున్నాడు, సిగ్గు లేకుండా."

"అది మందు కాదు కదా. మందు కానిదాని జోలికి మేం వెళ్లకూడదు." (మా చట్టంలో నాకు బాగా నచ్చేది ఈ వినయమే.)

చుట్టాలను దగ్గరుండి చెరిపించి మరీ వెళ్లాడు. సాయంత్రం జుమాబూబూ గుట్టెక్కేసరికి గ్రూపులో కొవ్వు ఒక్కటే మిగిలింది. కొవ్వు సీసా మర్నాడే గుడారానికి చేరింది.

నాలుగో రోజు, మనవరాలిని ఆసుపత్రిలో చేర్చి, ఆవిడ దుకాణం మీదికొచ్చింది.

"నీ దగ్గర పెట్టుకుని కూడా నోరు మెదపలేదేమే? నీ కడుపున పిల్లలు పుట్టలేదూ?"

బురుల్‌కాన్ మాత్రలు ఆవిడ చేతిలో పెట్టి, బల్ల మీద తల వాల్చి ఏడ్చింది. నేనక్కడే ఉన్నాను. ఒళ్లు మండిపోయింది.

పిల్ల ఇంకా కళ్లు తెరవలేదు. నిఘా విభాగం నెలవారీ నివేదిక మాత్రం వచ్చేసింది. మా పట్టణం గురించి అందులో ఒకటే ముక్క: "మందు ఆచూకీ తెలిసిన పౌరులు ఎవరూ లేరు. పరిస్థితి సంతృప్తికరం."