సగటున మూడేళ్లు

ఒక పెద్ద అడవిలో ఏ పిల్లా నడవడం లేదు. నడక రాక కాదు. వచ్చాకే మానేశారు.

అడవి చూడటానికి జీపులో వచ్చిన మనుషులెవరో, పసిపిల్లను కూర్చోబెట్టి తోసే చక్రాల బండిని మరిచిపోయి వెళ్లారు. అది నక్క ఊళయ్య కంట పడింది. ఊళయ్య అడవి సభకు కార్యదర్శి. ఆయన కంట పడిన వస్తువు ఊరికే ఉండదు, పథకమైపోతుంది. వారం తిరిగేసరికి కోతుల చేత వెదురుతో అలాంటి బండ్లు చేయించి, "పిల్లల్ని నడిపించే తల్లులకు సిగ్గు లేదా?" అని అడవంతా చాటింపు వేయించాడు.

తల్లులు సిగ్గుపడ్డారు. సిగ్గుపడమంటే మనవాళ్లు ఎప్పుడూ వెనకాడరు. పుట్టిన పూటే లేచి గెంతే జింకపిల్లలు కూడా బెల్టు పెట్టించుకుని బండ్లలో కూర్చున్నాయి.

సభాపతి సింహం జూలుమూర్తికి ఈ ఏర్పాటు తెగ నచ్చింది. ఎందుకో వేరే చెప్పాలా? పరిగెత్తే భోజనం కంటే కట్టేసిన భోజనం ఎవరికైనా సుఖమే.

ఇంతకీ పిల్లలు బండి ఎప్పుడు దిగాలి? దాని మీద సభ పెట్టారు.

"మా పిల్లలు పూట గడిస్తే నడిచేస్తారండీ," అంది జింక చెంగమ్మ. ఆమె కొడుకు చుక్కడు అప్పటికి నాలుగు రోజుల వాడు.

"మావాళ్లు మూడు వారాలకే కన్నం దాటి తిరుగుతారు," అన్నాడు ఎలుక పుల్లయ్య.

"మా బుజ్జిగాడికి ఐదేళ్లొచ్చినా నా కాళ్ల సందు వదలడమ్మా," అని మురిసిపోయింది ఏనుగమ్మ.

"అందరికీ సమన్యాయం జరగాలంటే సగటు తీయాలి," అన్నాడు ఊళయ్య. కూడాడు, భాగించాడు, మిగిలిన శేషాన్ని సభాపతి గారి విచక్షణకు వదిలేశాడు. ఆ విచక్షణ కూడా కలిపితే మూడేళ్లని తేలింది. మూడేళ్లు నిండకుండా బండి దిగిన వాళ్లను కుటుంబంతో సహా అడవి బయటికి, లారీలు తిరిగే రోడ్డు మీదికి గెంటేస్తారు.

పుల్లయ్య చెయ్యెత్తాడు. "అయ్యా, మా జాతి రెండేళ్లకే పోతుంది కదండీ."

"పోతే దిగొచ్చు. నిబంధనల్లో ఆ వెసులుబాటు ఉంది," అన్నాడు ఊళయ్య.

దాంతో అడవిలో ఉన్న ఎలుకలన్నీ బండ్లెక్కాల్సి వచ్చింది. పుల్లయ్యా ఎక్కాడు, ఆయన మనవళ్లూ ఎక్కారు. ఇక తోసేవాళ్లెవరు? జాతి మొత్తం బండ్లలో కూర్చుని ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ ఉండిపోయింది. పుల్లయ్య బండి చెంగమ్మ ఉండే పొద పక్కనే ఆగిపోయింది.

తర్వాత తనిఖీలు మొదలయ్యాయి. వంతులవారీగా తల్లులు బండ్లను సింహం గుహ ముందుకు తోసుకు రావాలి. జూలుమూర్తి పిల్లవాణ్ణి లోపలికి తీసుకెళ్లి "ఏకాంతంగా పరిశీలించేవాడు." బండి ఖాళీగా తిరిగొచ్చేది. సభ రెండు నిమిషాలు మౌనం పాటించి, బండికి ఏ నష్టమూ జరగనందుకు సంతోషం ప్రకటించి, దాన్ని ఇంకొకరికి కేటాయించేది. ఈ మాట రాస్తుంటే నాకే ఒళ్లు మండుతోంది. వాళ్లకు మాత్రం ఏమీ మండలేదు.

అలా ఆరు నెలలు గడిచాయి. చుక్కడి నెత్తిన కొమ్ములు మొలవబోతున్నాయి. మరుసటి రోజు వంతు వాడిదేనని కబురొచ్చింది.

చెంగమ్మ పొద దగ్గర నిలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. "పుల్లయ్యన్నా, నాకున్నది వీడొక్కడే. దింపితే లారీ కింద పడతాం. దింపకపోతే రేపు ఖాళీ బండి తోసుకొస్తాను."

పుల్లయ్య మీసాలు సవరించుకున్నాడు. "చెల్లెమ్మా, బండి ఎక్కింది నా కాళ్లు. పళ్లు ఎక్కలేదు కదా! బండిని ఇలా దగ్గరికి తొయ్యి."

మిట్టమధ్యాహ్నం కల్లా బండి అడుగు మొత్తం కొరికేశాడు. బెల్టు కూడా రెండు ముక్కలు. చుట్టూ ఎండకు కట్టిన ఆకుల తెర మాత్రం ఉంచాడు. చుక్కడు చట్రాన్ని భుజాల మీద మోస్తూ, తెర లోపల తన కాళ్ల మీద తాను నిలబడ్డాడు.

"అమ్మా, నేల చల్లగా ఉందే!" అన్నాడు.

చెంగమ్మ వాణ్ణి పొదల చుట్టూ పొద్దుగూకే దాకా పరిగెత్తించింది. బయటినుంచి చూసినవాళ్లకు ఓ తల్లి బండి తోస్తున్నట్టే ఉంది.

మర్నాడు పొద్దున్నే గుహ ముందు ఊళయ్య చిట్టా తెరిచాడు. బండి కదులుతోందా? కదులుతోంది. పిల్లవాడు అందులో ఉన్నాడా? ఉన్నాడు. అడుగు ఉందా అనే ప్రశ్న చిట్టాలో లేదు కనక ఆయన వంగి చూడలేదు.

జూలుమూర్తి ఆవులిస్తూ బయటికొచ్చాడు. ఆరు నెలలుగా అడుగు తీసి అడుగు వెయ్యకుండా తినడంతో పొట్ట నేలను తాకుతోంది. వెనకాల టేకుతో చేయించిన బండిలో ఆయన కొడుకు రాజబాబు ఉన్నాడు. రెండేళ్ల వాడు, జూలు కూడా వస్తోంది. సభాపతి కొడుకు బండి దిగితే పరువు పోతుందని తల్లి వాణ్ణి ఒక్కరోజూ దింపలేదు.

జూలుమూర్తి పంజా చాచాడో లేదో, బండి గాల్లోకి ఎగిరి ముళ్లపొద దాటింది!

"ఆపండి! ఆ బండి ఆపండి!" అంటూ సభాపతి వెంటపడ్డాడు. పదడుగులకు రొప్పు, పదిహేనో అడుగులో తుంటి పట్టేసింది. దబ్బున కూలబడి, "రాజబాబూ! పట్టుకోరా వాణ్ణి!" అని అరిచాడు.

రాజబాబు అటూ ఇటూ చూశాడు. "తోసేదెవరు నాన్నా?"

"ఊళయ్యా, వాణ్ణి దింపవయ్యా!"

"వీల్లేదు ప్రభూ. బాబుగారికి మూడేళ్లు నిండలేదు," అంటూ ఊళయ్య చిట్టాలో రాసుకున్నాడు: 'జింక బండి, అతివేగం.'

వరుసలో నిలబడ్డ తల్లులంతా ఇది చూశారు. ఆ రోజు నుంచి ఎలుకల బండ్ల దగ్గర రద్దీ తగ్గలేదు. అడవిలో ప్రతి పిల్లా బండిలోనే ఉంది, ప్రతి బండీ పరిగెడుతోంది. నిబంధనలు ఇంత బాగా అమలైన అడవి మరోటి లేదని ఊళయ్య నివేదిక పంపాడు.

జూలుమూర్తి తుంటి మళ్లీ కుదురుకోలేదు. సభకు రావాలంటే దారి లేదు. ఊళయ్య ఆలోచించి రాజబాబు బండినే తెచ్చాడు. "పెద్దలు ఎక్కకూడదని ఎక్కడా రాయలేదు ప్రభూ," అన్నాడు. బాబుగారిని దింపే వీలు లేదు కనక సభాపతి గారే వెళ్లి కొడుకు ఒళ్లో కూర్చున్నారు. బెల్టు పెట్టారు. ఊళయ్య తోశాడు.

నీతి: పిల్లలు బండి దిగాల్సిన వయసు ఎంతన్నది ఎవరికీ తెలీదు గానీ, పెద్దలు ఎక్కాల్సిన వయసు మాత్రం పదవి దక్కిన రోజే వచ్చేస్తుంది.