మా వాడు వస్తున్నాడు

ఆ ఉదయం ప్లంబర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. నడుం పట్టేసి మంచం మీద ఉన్నాడు కాబట్టి, రిటైరైన హెడ్మాస్టరు గారింట్లో కారుతున్న కుళాయికి కూతుర్ని పంపాలి. నాలుగేళ్ళుగా వెంట తిప్పుకుని పని నేర్పాడు. ఒంటరిగా వెళ్ళడం మాత్రం ఆమెకు ఇదే మొదలు.

"మా వాడు వస్తున్నాడండీ. చిన్నోడే గానీ పనిలో దిట్ట," అని ఫోనులో చెప్పాడు. కూతుర్ని పుట్టినప్పటినుంచీ ఆయన అలాగే అంటాడు. ఆ సంగతి హెడ్మాస్టరుకు తెలియదు.

హెడ్మాస్టరు ఆ పూట ఇద్దరికోసం ఎదురుచూస్తున్నాడు. కుళాయికి ప్లంబర్ కొడుకు, మోకాలికి ఫిజియోథెరపిస్టు. గుమ్మంలో సంచీతో అమ్మాయి కనబడగానే సోఫాలో కూర్చుని కాలు చాపాడు.

"ఎన్నాళ్ళనుంచి సార్?" అంది ఆమె, కుళాయి కోసం అటూ ఇటూ చూస్తూ.

"నెలైందమ్మా. రాత్రినుంచి మరీ ఎక్కువైంది."

"జాయింటు దగ్గరేనా?"

"అక్కడే. తిప్పితే కిర్రుమంటోంది."

"వాషర్ అరిగిపోయుంటుంది. విప్పేసి కొత్తది వేస్తే సరి," అంటూ ఆమె సంచీలోంచి పానా తీసింది.

హెడ్మాస్టరు కాలు ముడుచుకున్నాడు. "ఇప్పుడు కొంచెం తగ్గినట్టే ఉంది తల్లీ," అని ఆమెను వరండాలోకి సాగనంపి గడియ పెట్టుకున్నాడు. మొదటి పనికే ఉత్తచేతుల్తో తిరిగి వెళ్ళలేక ఆమె అక్కడే కూర్చుండిపోయింది.

అంతలో దిట్టంగా ఉన్న కుర్రాడొకడు వచ్చాడు. హెడ్మాస్టరు అతన్ని చెయ్యి పట్టుకుని నేరుగా బాత్‌రూములోకి తీసుకెళ్ళాడు.

"ఇక్కడా అండీ?" అన్నాడు ఫిజియోథెరపిస్టు.

"మరెక్కడ? దీన్ని పట్టుకుని గట్టిగా తిప్పు. మొహమాటపడకు."

పెద్దల మాట కాదనడం తెలియని మనిషి. తిప్పాడు. కుళాయి ఊడి చేతిలోకి వచ్చింది, నీళ్ళు పైకప్పును తాకాయి.

హెడ్మాస్టరు ప్లంబర్‌కు ఫోన్ చేసి, "మీ వాడు నా కొంప ముంచాడయ్యా," అన్నాడు. ప్లంబర్ నడుం పట్టుకుని, సగానికి వంగి, ఆటోలో వచ్చిపడ్డాడు. అప్పటికి కూతురు పెరట్లో మెయిన్ వాల్వు కట్టేసి, కొత్త కుళాయి బిగించి, నేల తుడుస్తోంది.

"ఈ పని చేసిందెవరు?" అన్నాడు ప్లంబర్, బిగింపు తడిమి చూస్తూ.

"ఈ అమ్మాయే. మీ వాడేమో ఇదిగో, ఇలా నిలబడ్డాడు."

"మా వాడంటే ఇదేనండీ. నా కూతురు."

హెడ్మాస్టరు తడిసి ముద్దయిన కుర్రాడి వైపు తిరిగాడు. "మరి నువ్వెవరు నాయనా?"

"మోకాళ్ళు చూస్తానండీ," అన్నాడతను జుట్టు పిండుకుంటూ. ఎలాగూ వచ్చాడు కాబట్టి సోఫా మీద ప్లంబర్ నడుం కూడా చూశాడు.

తిరిగి వెళ్తూ కూతురు అంది: "నాన్నా, ఇకమీదట ఫోనులో మా అమ్మాయి వస్తోందని చెప్పు."

"మరి ఇంట్లో?"

"ఇంట్లో నీ చిన్నోణ్ణే."



హెడ్మాస్టరు వీధంతా చాటింపు వేశాడు. మర్నాటినుంచి ఫోను ఆగలేదు. అందరిదీ ఒకటే ప్రశ్న, అమ్మాయి ఖాళీగా ఉందా అని. నేను రానా అని ప్లంబర్ అంటే, మీరు విశ్రాంతి తీసుకోండి అంటున్నారు.

మూడో రోజుకు ప్లంబర్ నడుం పూర్తిగా బాగైంది. ఆ సంగతి అడిగినవాళ్ళే లేరు.