తదితరులు గారికి జై!

పిల్లల కథల్లో కుందేలుగా పుట్టడమంత దురదృష్టం ఇంకోటి లేదు! పుడితే వెనక వరుసలో ముళ్ళపందిగా పుట్టాలి. నవ్వకండి, సీరియస్‌గానే చెబుతున్నాను.

మా అమ్మాయి రెండో తరగతి. ఆమధ్య దానికొక కథల పుస్తకాల సిరీస్ పట్టుకుంది. పట్టుకుందంటే జలుబు పట్టుకున్నట్టే, ఓ పట్టాన వదలదు. అందులో కుందేలు, ఉడుత, నక్క హీరోలు. ప్రతి పుస్తకంలోనూ ఒక సాహసం, ప్రతి సాహసంలోనూ అదే వాక్యం. "కుందేలు, ఉడుత, నక్క, తదితరులు పడవెక్కారు." "కుందేలు, ఉడుత, నక్క, తదితరులు గుహలోకి వెళ్ళారు."

ఎవరయ్యా ఈ తదితరులంటే, బొమ్మల్లో ఓ మూల నక్కి ఉంటారు. గుచ్చుకుంటాయని ఎవరూ పక్కన కూర్చోని ముళ్ళపంది. పక్షులూ జంతువులూ కూడా నువ్వు మావాడివి కాదు పొమ్మన్న గబ్బిలం. ఎందుకు వెలేశారో రాసినాయనకే తెలియని ఒక తొండ. పేర్లుండవు, డైలాగులుండవు. కేకు కోసే పేజీ వచ్చేసరికి బొమ్మలో కూడా ఉండరు!

మా అమ్మాయికి ఇదంతా తెలీదు. తదితరులు అంటే ఎవరో ఒకాయన పేరనుకుంది! తప్పు దానిది కాదు, మన భాషది. కుందేలంతటి కుందేలుకే "అంది, పరిగెత్తింది" అని రాసి, ఈయన దగ్గరికొచ్చేసరికి "వచ్చారు, కూర్చున్నారు" అని అంత మర్యాద ఒలకబోస్తే పిల్ల ఏమనుకోవాలి?

"తదితరులు గారు ఎంత మంచివారో నాన్నా! ఎక్కడికి పిలిచినా వస్తారు. ఏమీ అడగరు" అంది ఓ రోజు.

"ఏమండీ, అసలు సంగతి మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?" అంది మా ఆవిడ. ఎవరూ చెప్పొద్దన్నాను. ఎందుకంటే నేనూ ఆ వంశం వాణ్ణే.

నమ్మరా? మా ఆఫీసు వార్షికోత్సవం వార్త పేపర్లో పడింది. మేనేజరు, డిప్యూటీ మేనేజరు, ముఖ్య అతిథి, "తదితరులు పాల్గొన్నారు." కత్తిరించి ఫ్రేము కట్టించాను. అందులో మొదటి "త" మా టైపిస్టు, "ది" నేను. చుట్టాలొస్తే వేలు పెట్టి మరీ చూపిస్తాను.

ఎన్ని సుఖాలో చూడండి! దారి తప్పితే తిట్లు కుందేలుకే. మొసలి నోరు తెరిస్తే ముందున్నవాణ్ణే చూస్తుంది. డైలాగంటూ ఉంటేగా మర్చిపోవడానికి? పైగా హోదా ఒకటి. మా పక్కింటి లెక్చరర్ గారు ఈ సిరీస్ మీద పెద్ద వ్యాసం రాస్తున్నారు. "ఈ వెనక వరుస పాత్రలు సమాజం తోసేసిన మనుషులకి ప్రతీకలండీ" అన్నారు. "మరి వాటిలో ఏయే జంతువులున్నాయండీ?" అన్నాను. "అదంతా ఎవరు చూశారు లెండి, మొత్తం మీద ప్రతీకలు" అన్నారు. ఈ యోగం కుందేలుకుందా?

ఇంతలో బడిలో ఆ కథే నాటకం వేస్తామన్నారు. మా అమ్మాయి ఎగురుకుంటూ వచ్చింది. "నాన్నా! తదితరులు వేషం నాకే ఇచ్చారు!"

రిహార్సల్ మొదలైతే తెలిసిపోదూ? తను ఇన్నాళ్ళూ గొప్పవారనుకున్న మనిషి అసలు లేనే లేడని!

తెలిసిపోయింది. మర్నాడు మూతి ముడుచుకుని వచ్చి బ్యాగు విసిరేసింది. "అది పేరు కాదట నాన్నా. పేర్లు చెప్పక్కర్లేనివాళ్ళట. టీచర్ చెప్పారు."

పైన మీకు చెప్పిన సుఖాలన్నీ దానికి ఏకరువు పెట్టాను. ఒక్కటీ చెవికెక్కించుకోలేదు. "క్లాసులో ఇంచుమించు అందరం తదితరులమే నాన్నా. వాళ్ళు ముగ్గురే" అంది. ఆ గొంతు నాకెందుకో తేడాగా వినిపించింది.

నాటకం రోజు రానే వచ్చింది. "పదండి, పడవ కదిలిద్దాం!" అని అరిచింది కుందేలు. అట్టతో చేసిన పెద్ద పడవ. దాన్ని వెనకనుంచి మోయాల్సింది తదితరులే. పడవ కదల్లేదు. కుందేలు మళ్ళీ అరిచింది. అప్పుడు ముళ్ళపంది, అంటే మా అమ్మాయి, నడుం మీద చెయ్యి పెట్టుకుని ముందుకొచ్చింది. "పేరు పెట్టి పిలువు, వస్తాం!"

కుందేలు తెల్లమొహం వేసింది. దీనికి డైలాగు రాసివ్వలేదు కదా! తెర పక్కనుంచి టీచర్ కళ్ళురిమినా మా అమ్మాయి కదల్లేదు. చేసేది లేక కుందేలు ఒక్కొక్కరినే సొంత పేరు పెట్టి పిలిచింది. తొండ పేరు తెలీక తొండనే అడిగింది. పిలిచిన పిల్ల పిలిచినట్టు వెళ్ళి పడవ పట్టుకుంది. చివరికి పడవ లేచింది. నాకు ఏడుపొచ్చింది, దాచుకోవడమెందుకు? మా ఆవిడ కొంగు లాక్కుని మరీ తుడుచుకున్నాను.

అంతమాత్రాన నా సిద్ధాంతం మార్చుకున్నానని అనుకోకండి. వెనక వరుసే స్వర్గం! కాకపోతే ఈవేళ ఓ చిన్న ఇబ్బంది వచ్చిపడింది.

ఆఫీసులో గ్రూప్ ఫోటో. మేనేజరు గారు డిప్యూటీని పేరు పెట్టి పిలిచి, పక్కన కూర్చోబెట్టుకుని, "మిగతావాళ్ళు కూడా రండయ్యా" అన్నారు. అందరూ లేచారు. నాకు మాత్రం కుర్చీలోంచి లేవబుద్ధి కాలేదు. ఆయన నాకేసి చూసి, "రావయ్యా... ఆ..." అని ఆగిపోయారు. నేను వినయంగా ఎదురు చూస్తున్నాను.

ఇప్పుడాయన నా పక్క సీటాయన చెవిలో ఏదో అడుగుతున్నారు. ఆ పక్క సీటాయనా నేనూ ఏళ్ళ తరబడి ఒకే టేబుల్ మీద టిఫిన్ పంచుకు తిన్నవాళ్ళం. పాపం, పక్క సీటాయన తల గోక్కుంటున్నాడు.